పద్యంలో పట్టని పేరు

మొన్నొక సాయంత్రం అంట్లు కడుక్కుంటూ రేడియో పెట్టుకున్నాను. ఎవరో పెద్దమనిషి స్కాట్లండు యాసలో పాత పద్యమొకటి చదువుతున్నాడు. అందులో సగం మాటలు ఇంగ్లీషులాగే ఉండవు, ఇంగ్లీషుకి ముత్తాత మాట్లాడినట్టు ఉంటాయి, అయినా రెండో చరణం పూర్తయ్యే లోపే నా చేతులు నురగలో ఆగిపోయాయి, ఎందుకంటే ఆ చరణం ఎక్కడికి వచ్చి ఆగుతుందో నాకు ముందే తెలుసు. మధ్యయుగాల నాటి కవి ఎవరో జబ్బుచేసి మంచమెక్కి, తనకంటే ముందు పోయిన కవులను ఒక్కొక్కరినే పేరుపెట్టి తలుచుకుంటాడు. రాజైనా పండితుడైనా వైద్యుడైనా ఎవరూ మిగలరంటాడు. ఎవరిని తలుచుకున్నా ప్రతి చరణమూ చివరికి లాటిను మాటల్లో చావు భయం దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఎన్నిసార్లు విన్నా ఆ కవి పేరు నాకు నిలవలేదు. నిలిచిపోయింది ఆ పద్యాన్ని నాకు చెప్పిన మనిషి గొంతు.

ఐర్లండులో పోర్ట్‌లీష్ ఊరి బయట ఒక నర్సింగ్‌హోమ్‌లో నేను నర్సుగా పనిచేసిన చివరి సంవత్సరాలవి. ఆయన అక్కడ ఉండే వృద్ధుల్లో ఒకరు. స్కాట్లండులో పుట్టి, ఇక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకుని, ఇక్కడి పిల్లలకే జీవితమంతా పాఠాలు చెప్పి, భార్యను ఇక్కడి మట్టిలోనే కలిపి, కాళ్లు ఆడనప్పుడు మా దగ్గరికి వచ్చారు. నేను మనసులో ఆయన్ను మాస్టారు అనుకునేదాన్ని, పైకి సార్ అనేదాన్ని. కాలి పుండుకు కట్టు కట్టేటప్పుడు నొప్పి తెలియకుండా ఉండడానికి ఆ పద్యం అందుకునేవారు. మొదట్లో ఏదో పాత పాట అనుకున్నాను, అర్థం అడిగి తెలుసుకున్నాక మాత్రం నాకు అంతగా రుచించలేదు. మా నాన్నగారు గుంటూరు జిల్లాలో చర్చి ఉపదేశిగా పనిచేశారు. అన్నం తినడంతో పాటే కీర్తనలు కంఠతా పట్టిన ఇంట్లో పెరిగినదాన్ని, మరణాన్ని జయించినవాడి బిడ్డలం మనకు భయమేమిటని చిన్నప్పటినుంచీ విన్నదాన్ని. చర్చి గంటల మధ్య బతికిన కవి అంతలా వణికిపోవడం నాకు వింతగా ఉండేది.

ఆ మాటే ఒకసారి అనేశాను. మాస్టారు కళ్లజోడు కిందికి దించి నన్ను పరీక్షగా చూశారు.

"అయితే అమ్మాయ్, నీకు చావంటే భయం లేదన్నమాట."

"లేదు సార్. తిరిగి లేస్తామన్న నిరీక్షణ మాకు ఉంది."

"అదృష్టవంతురాలివి. లేదా, అది ఇంకా నీ వైపు తిరిగి చూసి ఉండదు."

"మీ కవి కాస్త ప్రార్థన చేసుకుని ఉంటే బాగుండేది సార్."

"ఓసి పిచ్చిదానా, ప్రార్థన చేయకేం! చేస్తూనే భయపడ్డాడు. రెండూ ఒకే నోటితో." అని, "ఇంతకీ ఆ కట్టు నా కాలికి కడుతున్నావా, మంచం కోడుకి కడుతున్నావా?" అన్నారు.

నేను నవ్వి ఊరుకున్నాను గాని ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చి మా ఆయనకు చెబితే, ఆ పెద్దాయన కోసం ప్రార్థించు, భయంలో ఉన్నాడు పాపం, అన్నారు.

మా ఆయన మందుల ఫ్యాక్టరీలో ఇంజినీరు, మా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. ఆదివారం మధ్యాహ్నాల్లో ఒక బడి హాలు అద్దెకు తీసుకుని కూడుకునేవాళ్లం, ఎక్కడో దూరాన ఉన్న స్లైగో నుంచి కూడా కుటుంబాలు వచ్చేవి. మన దేశంలోనో ఇక్కడో ఎవరైనా పోతే ఆ కబురు సంఘానికి చెప్పేది మా ఆయనే. ఆయన నోటినుంచి చనిపోయారన్న మాట నేను వినలేదు. ఫలానావారు ప్రభువునందు నిద్రించారు, కుటుంబపు ఆదరణ కొరకు ప్రార్థించండి, అనేవారు. మనవాళ్లలో అది పాత వాడుకే కదా. నిద్రపోయినవాణ్ణి లేపేవాడు ఉన్నాడన్న నమ్మకమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు ఎంత నెమ్మదిగా ఉండేదంటే, విన్నవాళ్లకు సగం దుఃఖం అక్కడే తగ్గేది.

తర్వాత కరోనా వసంతకాలం వచ్చింది. నా ఈడు వాళ్లకు నేను వర్ణించి చెప్పనక్కర్లేదు. బళ్లు మూశారు, చర్చిలు మూశారు, రోడ్ల మీద గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కారు ఆపి ఎక్కడికని అడిగేవారు. డబ్లిన్ పక్క టాలట్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి పుస్తకాలు సర్దుకుని ఇంటికి వచ్చేసింది. నర్సింగ్‌హోమ్‌లోకి బయటివాళ్లను రానివ్వడం మానేశాం, కొడుకులూ కూతుళ్లూ పూలమొక్కల మధ్య నిలబడి కిటికీ అద్దంలోంచి చెయ్యి ఊపేవారు. అంత కాపలా కాసినా అది లోపలికి వచ్చింది. ఒక వసారాలో మొదలై ఒక్కో గదీ దాటుకుంటూ వచ్చింది, నిన్న టీలో పంచదార చాలలేదని మాతో పోట్లాడిన మనిషి ఇవాళ ఉండేది కాదు. మాస్కులూ గౌన్లూ వేసుకున్న మమ్మల్ని ఆ పెద్దవాళ్లు ఎవరు ఎవరో పోల్చుకోలేక భయపడేవారు. చనిపోయినవారిని బయటికి తీసుకువెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర రెండువైపులా వరుసగా నిలబడడం మా దగ్గర ఆనవాయితీ, అదీ ఆగిపోయింది.

అప్పుడు మాస్టారు ఒక పని మొదలుపెట్టారు. తలుపు కాస్త తీసి ఉంచమని, ఆ పద్యాన్ని గట్టిగా చదివేవారు. కాని అందులో పాత కవుల పేర్లు తీసేసి, మా వసారాలో పోయినవాళ్ల పేర్లు పెట్టేవారు. ఎదురుగదిలో ఉండే రైతు, ఎప్పుడూ ఊలు అల్లుతూ ఉండే ముసలామె, తనను ఇంకా పోస్టుమాస్టరనే అనుకునే ఆయన. ఒక్కొక్కరికి ఒక్కో చరణం, ప్రతి చరణం చివరా అదే లాటిను మాట. పక్క గదులవాళ్లు వింటున్నారు సార్, మానేయండి, అని బతిమాలాను.

"విననీ. ఆ రైతుని పాతిపెట్టేటప్పుడు ఎంతమంది ఉన్నారో తెలుసా నీకు? పిడికెడు మంది కూడా లేరు. ఇక్కడ నేనైనా పేరు పెట్టి పిలవకపోతే ఇంకెవరు పిలుస్తారు?"

"ప్రార్థనలో మేము పిలుస్తున్నాం సార్."

"పిలువు. నువ్వు అటువైపునుంచి పిలువు, నేను ఇటువైపునుంచి పిలుస్తాను."

అంతలోనే మా ఇంట్లోకి కూడా వచ్చింది. నానుంచి మా ఆయనకు వచ్చిందో, ఆయన ఫ్యాక్టరీనుంచి నాకు వచ్చిందో దేవుడికే తెలుసు. ఇద్దరికీ జ్వరం. నాది జ్వరంతో, ఒళ్లు విరిచేసే నొప్పులతో నిలిచింది. ఆయనకు మాత్రం మెట్లెక్కితే ఆయాసం, తర్వాత మాట్లాడితే ఆయాసం, తర్వాత ఊరికే కూర్చున్నా ఆయాసం. మా డాక్టరు జీపీకి ఫోన్ చేస్తే అంబులెన్సు పంపారు. ఆస్ట్రొనాట్లలా తయారై వచ్చిన ఇద్దరు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి తీసుకువెళ్లారు. నేను మేడమీది కిటికీలోంచి చూశాను. ఎప్పుడూ నావైపు తిరిగి వందనం చెప్పకుండా గుమ్మం దాటని మనిషి, ఆ రోజు తల ఎత్తలేకపోయారు.

నేను మేడమీద గదిలో తలుపు మూసుకుని ఉన్నాను. అమ్మాయి గంజీ చారూ వండి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లేది. ఆ పిల్ల చిన్నప్పటినుంచీ ప్రెస్, అదే ఇక్కడివాళ్ల మాటలో అలమర, తెరిచి కప్పు తీసుకోవడం తప్ప వంటింట్లో ఏమీ ఎరగదు, ఆ చారులో ఉప్పు ఒక రోజు ఉండేది, ఒక రోజు ఉండేది కాదు. మా సంఘం రోజూ సాయంత్రం ఫోన్లో కూడుకుని ఆయన కోసం ప్రార్థించేది, వాట్సాప్ గ్రూపులో పగలంతా ఎవరో ఒకరు ఎలా ఉన్నారని అడిగేవారు. ఆసుపత్రివాళ్లు రోజుకొకసారి ఇంటికి ఫోన్ చేసేవారు. నాకు దగ్గు తెరలు తెరలుగా వచ్చి మాట సాగక, ఫోన్ అమ్మాయినే తీయమన్నాను.

ఒక మధ్యాహ్నం, బయట ఎండ విరగకాస్తోంది. ఐర్లండులో అంత మంచి వసంతం నేను చూడలేదు, మనుషులు లేని రోడ్ల మీద ఆ ఎండ చూస్తే కోపం వచ్చేది. కింద ఫోన్ మోగి ఆగింది. అమ్మాయి పైకి వస్తుందని చెవులు రిక్కించుకుని ఉన్నాను. రాలేదు. దిండు పక్కనున్న నా ఫోను టింగుమంది. గ్రూపులో అమ్మాయి రాసిన మాట, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: ప్లీజ్ ప్రే, నాన్న నిద్రించారు.

దాని కిందే, నేను ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివే లోపే, వరసగా మిగతావి. చేతులు జోడించిన బొమ్మలు, ఏడుపు బొమ్మలు. పాస్టరుగారు, ఇచ్చినవాడే తీసుకున్నాడమ్మా, ధైర్యం తెచ్చుకోండి అని. పాస్టరమ్మగారు, మహిమలో ఉన్నారు అని. స్లైగో పిన్ని, అంటే నాకంటే ముందు ఈ దేశం వచ్చి ఇక్కడ మా అందరికీ పిన్ని అయిన ఆమె, రాయడం చేతగాక గొంతు పంపింది. ఆ గొంతు నా గదిలో నా చేతిలో ఏడ్చింది: "అయ్యో నా తల్లీ, మొన్ననే గదమ్మా నాతో నవ్వుతా మాట్టాడాడు, ఇంతలోకే ఏందమ్మా ఇది..."

మంచం దిగాను. నేల మీదే కూర్చుని ప్రార్థన చేయబోయాను. మా నాన్నగారు ఒడిలో కూర్చోబెట్టుకుని నేర్పిన కీర్తన, మరణపు నీడలో నడిచేవాడికి తోడుండే కాపరి కీర్తన, నేను ఎన్ని మంచాల పక్కన మోకరించి చెప్పానో లెక్కలేదు. దాని మొదటి మాట నాకు దొరకలేదు. మోకాళ్ల మీద చేతులు వేసుకుని, నోరు తెరుచుకుని, ఆ మొదటి మాట కోసం చీకట్లో గోడ తడుముకున్నట్టు తడుముకున్నాను. దానికి బదులు మాస్టారి గొంతు వచ్చింది. తలుపు సగం తీసి ఉంచిన ఆ గదిలోంచి, ఒక్కో పేరూ, ఒక్కో చరణమూ. ఈసారి ఆ చరణంలో మా ఆయన పేరు. చివర ఆ లాటిను మాట, అర్థం తప్ప స్పెల్లింగు కూడా తెలియని ఆ మాట, నా నోటివెంట బయటికి వచ్చింది. ఒకసారి కాదు, ఆగకుండా.

తలుపు మీద అమ్మాయి కొట్టింది.

"మామ్? ఎందుకు ఏడుస్తున్నావ్? ఆర్ యూ ఓకే?"

"నాన్న... నాన్న ఎప్పుడే?"

"ఎప్పుడేంటి? జస్ట్ నౌ. డాక్టర్ ఫోన్ చేసింది. దే పుట్ హిమ్ టు స్లీప్, మామ్. ఫర్ ద మెషీన్, లైక్. టు రెస్ట్ హిజ్ లంగ్స్."

"నిద్రపుచ్చారా?"

"యా. నీకు ఎలా చెప్పాలో తెలీక, ఫస్ట్ అందర్నీ ప్రే చేయమన్నా."

"నిద్రించారని రాశావు కదే!"

"యా, నిద్ర. స్లీప్. వాట్?"

నాకు ఏడుపులోంచి నవ్వు, నవ్వులోంచి దగ్గు. తలుపుకు అటూ ఇటూ నేల మీద కూర్చుని, ఆ మాటకు మనలో అర్థమేమిటో చెప్పాను. అమ్మాయి అవతలినుంచి చిన్న గొంతుతో, "బట్ నాన్న చర్చిలో ఎప్పుడూ అదే అంటారు కదా, రెస్పెక్ట్‌ఫుల్‌గా స్లీప్ అంటే అదే అనుకున్నా. అయితే ఉత్తినే స్లీప్ అయితే ఏమనాలి?" అంది. పడుకున్నారు అనాలన్నాను. "అది లైయింగ్ డౌన్ కదా!" అని ఏడ్చింది. ఆదివారాల్లో చెవిన పడిన తెలుగు తప్ప వేరే తెలుగు ఎరగని పిల్ల, పెద్దల గ్రూపు కదా అని మర్యాదైన మాట ఏరుకుని మరీ రాసింది. సారీ, నాన్న చనిపోలేదు, పడుకున్నారు, అని వెంటనే ఇంకోటి రాసింది. స్లైగో పిన్ని ఈసారి ఫోనే చేసింది. స్పీకరు పెట్టకుండానే తలుపు ఇవతలికి వినిపించింది: "ఓసి నీ తెలుగు తగలెయ్యా! నా గుండె ఆగిపోయింది గదే పిల్లా! మీ నాన్న లేవనీ, ముందు నీకు పెద్దబాలశిక్ష కొనిపెట్టమని చెప్తా!"

బైబిల్లో మా రక్షకుడు, చనిపోయిన తన స్నేహితుడు నిద్రిస్తున్నాడని చెప్పినప్పుడు శిష్యులు కూడా ఇలాగే పొరబడ్డారు. చావునే వాళ్లు ఉత్త నిద్ర అనుకున్నారు, మేము ఉత్త నిద్రనే చావు అనుకున్నాం. కాని నేను నర్సును. ఆ సంతోషం ఎంతసేపు ఉంటుంది? ఆ నిద్రమందు ఎందుకిస్తారో, ఆ గొట్టం ఎక్కడిదాకా వెళుతుందో, అలా నిద్రపుచ్చినవాళ్లలో ఎందరు కళ్లు తెరవరో నాకు తెలుసు. పడుకున్నారు అన్న మాటకూ నిద్రించారు అన్న మాటకూ మధ్య ఒక మిషను మాత్రమే ఉంది, అది ఊపిరి తోస్తూ ఉంది. మళ్లీ ఫోన్ మోగేదాకా మేమిద్దరం తలుపుకు ఇటొకరం అటొకరం ఉండేవాళ్లం, మోగగానే ఆ పిల్ల తీసి స్పీకరు పెట్టేది. నో చేంజ్ అనేవారు. ఆ మాటకు స్తోత్రం చెప్పాలో ఏడవాలో తెలిసేది కాదు. మందు తగ్గించి చూశామన్నారు ఒకరోజు, ఇంకా లేవడం లేదన్నారు. మర్నాడూ అదే మాట.

అలా ఎదురుచూస్తున్న రోజుల్లోనే, నర్సింగ్‌హోమ్‌లో నాతో పనిచేసే కేరళ చెల్లి ఫోన్ చేసి మాస్టారు పోయారని చెప్పింది. చివరి సాయంత్రం ఆయన నాకోసం అడిగారట. భర్త ఆసుపత్రిలో ఉన్నాడని ఈ చెల్లి చెబితే, ఆయన పేరేమిటని అడిగారట. ఆ పేరు కూడా ఆ పద్యంలో కలిపేస్తారేమోనని ఈమెకు భయం వేసి, చెప్పనా వద్దా అనుకుంటూనే చెప్పిందట. మాస్టారు కళ్లు మూసుకుని, పెదవులు కదిపి, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, అతి కష్టం మీద అన్నారట: "ఆవిడతో చెప్పు. వాళ్లాయన పేరు మరీ పొడుగు. నా పద్యంలో పట్టదు."

ఆ మాట విని నేను గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చాను. ఆ సాయంత్రమే నా కీర్తన నాకు మళ్లీ దొరికింది. మొదటి మాటనుంచి చివరి మాటదాకా చెప్పుకున్నాను, భయపడుతూనే చెప్పుకున్నాను. ఆ రెండూ ఒకే నోటితో వస్తాయని అప్పటిదాకా నాకు తెలియదు.

మా ఆయన లేచారు. డాక్టరమ్మ ఫోన్లో మొదట చెప్పిన మాట, మీ నాన్న కళ్లు తెరిచాడు, నర్సును టీ అడుగుతున్నాడు అని. నెలల తరబడి మెట్లు ఒక్కొక్కటే ఎక్కడం నేర్చుకున్నారు. నేను మళ్లీ డ్యూటీకి వెళ్లిన మొదటి రోజు మాస్టారి గదిలో వేరే ఎవరో ఉన్నారు. వసారాలో కాసేపు నిలబడి, నాకు గుర్తున్నంతవరకు ఆ రైతు పేరు, ఊలు అల్లే ఆమె పేరు, పోస్టుమాస్టరు పేరు, చివర మాస్టారి పేరు, మాస్కు లోపల మెల్లగా చెప్పుకున్నాను.

హాలు మళ్లీ తెరిచిన మొదటి ఆదివారం మాకు మరుపు రాదు. కుర్చీకీ కుర్చీకీ మధ్య మనిషి పట్టేంత ఖాళీ, మూతులకు మాస్కులు, పాటలు పాడకూడదు. సాక్ష్యాల సమయంలో, అంటే దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పుకునే సమయంలో, పాస్టరుగారు మా ఆయన్ను పిలిచారు. అందరం విజయగీతం లాంటి సాక్ష్యం కోసం కూర్చున్నాం. ఆయన ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, మునుపటి గొంతు లేదు, గరగరలాడే గొంతుతో అన్నారు: "నిద్రపుచ్చుతామని చెప్పారు. నాకు చాలా భయమేసింది. ఎందరినో నిద్రించారని నా నోటితో చెప్పాను. నా వంతు వచ్చేసరికి, నన్ను నిద్రపుచ్చొద్దని ఆ నర్సు చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ప్రార్థన రాలేదు. ప్రభువు అయినా లేపాడు." అంతే, కూర్చున్నారు. ఆ సంగతి నాతో కూడా చెప్పలేదు ఆయన. నేల మీద కూర్చున్న నా మధ్యాహ్నం సంగతి నేనూ ఆయనతో చెప్పలేదు.

హాల్లో ఎవరూ ఆమెన్ అనలేదు. అప్పుడు వెనకవరసలోంచి స్లైగో పిన్ని, లేవకుండానే, "నాకూ భయమే నాయనా. రోజూ భయమే," అంది. ఆ తర్వాత ఒక్కొక్కరే. ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూ పిల్లలను ముట్టుకోవడానికి భయపడ్డ తల్లి, దేశంలో పోయిన తండ్రిని ఫోన్ తెర మీద సాగనంపిన కొడుకు. పాస్టరుగారు తెచ్చుకున్న ప్రసంగం మడిచి జేబులో పెట్టుకుని, నాకూ భయమేసిందండీ అన్నారు. మాస్కుల వెనక ఎవరి ముఖమూ సరిగా కనబడలేదు గాని, మా సంఘాన్ని నేను మొదటిసారి చూసినట్టు అనిపించింది.

నిద్ర అన్న మాట మీద నా నమ్మకం పోలేదు. లేపేవాడు ఉన్నాడని ఇప్పుడు ఇంకా గట్టిగా నమ్ముతున్నాను. మా ఆయన మధ్యాహ్నం సోఫాలో కునుకు తీస్తే మాత్రం, పని ఆపి, ఛాతీ కదిలేదాకా నిలబడి చూస్తాను.

మారినదల్లా మేమే. ఆ ఏడాది, ఆ మరుసటి ఏడాది సాక్ష్యాలన్నీ అలాగే సాగాయి. తర్వాత మెల్లమెల్లగా పాత వరస వచ్చేసింది. ఒకరు లేచి ఇల్లు కొన్నాం అంటారు, ఇంకొకరు పాస్‌పోర్టు వచ్చింది, అబ్బాయికి మంచి కంపెనీలో ఉద్యోగం, దేవునికి స్తోత్రం. అన్నీ నిజమే, అన్నిటికీ స్తోత్రమే. బయటికొచ్చి కాఫీ దగ్గర ఎలా ఉన్నారని అడిగితే ఈ ఊరివాళ్లలాగే మేమూ గ్రాండ్, అంతా బాగుంది, అంటాం, నేనూ అంటాను. హాలు చాలక ఇప్పుడు కుర్చీలు దగ్గరదగ్గరగా వేస్తున్నారు, పక్కవాళ్ల మోచెయ్యి తగులుతూనే ఉంటుంది. ఆ మోచెయ్యి ఎవరిదో తెలుసు. వాళ్లు దేనికి భయపడుతున్నారో మాత్రం ఇప్పుడు నాకు తెలియదు, నా భయం వాళ్లకు తెలియదు.